నిలవ నీళ్ళు

ఆ ఇంట్లో నీళ్ళకు ఆయుష్షు ఒక్క రోజే. సాయంత్రం ఆరింటికి ఆయన పని నుంచి వచ్చి, చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, ఇల్లంతా ఒక చుట్టు చుట్టేవాడు. బిందె అడుగున మిగిలినవి, ఎవరో సగం తాగి గూట్లో పెట్టిన గ్లాసులోవి, స్నానాల గది బకెట్టులోవి, ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద చిలకరించుకునే చెంబులోవి, అన్నీ పారబోసి, కుళాయి తిప్పి కొత్తవి పట్టేవాడు. టీ తాగడమైనా ఆ తర్వాతే. చెంబులోవి తాగే నీళ్ళు కావు కదరా అని అక్క అంటే, ఆ సంగతి క్రిములకేం తెలుసు అనేవాడు.

ఆయన వాటర్ వర్క్స్ ల్యాబులో పనిచేసేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు చేశాడు. పొద్దున్నే సీసాల పెట్టె సైకిలుకు కట్టుకుని ఊరి నాలుగు చివర్లకూ వెళ్ళి, వీధి కుళాయిల్లో నీళ్ళు పట్టి, సన్నని గాజు గొట్టంలో పోసి మందు చుక్కలు వేసేవాడు. నీళ్ళలో క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది. ఎంత ఉంటే అంత పసుపు. ఆ పసుపును అట్ట మీద వేసి ఉన్న పసుపుల పక్కన పెట్టి చూసి, రిజిస్టరులో రాసేవాడు: రంగు, వాసన, మడ్డి, క్లోరిన్, తీసుకున్న చర్య. ఊళ్ళో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు. చుక్కలాయన అంటే చాలు, ఇల్లు చూపించేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు అక్కే చెప్పేది. పెళ్ళిమాట మాట్లాడటానికి ఒకరింటికి వెళ్తే వాళ్ళు మంచినీళ్ళిచ్చారట, ఈయన తాగకుండా జేబులోంచి చుక్కల సీసా తీశాడట, ఇంకెవరిస్తారమ్మా పిల్లని అనేది. అది నిజమో కాదో ఆయన ఎన్నడూ చెప్పలేదు. సీసా మాత్రం జేబులో ఉండేది.

అక్క టైలరు. భర్త పోయిన ఏడాది, ఒక్క నెల ఉండి వెళ్తానని కుట్టు మిషనుతో సహా తమ్ముడింటికి వచ్చింది. నెల రోజుల కోసం ఎవరూ మిషను మోసుకురారని తమ్ముడికి తట్టేసరికి ఐదేళ్ళయింది. అప్పటికే ముందుగది ఆవిడదైపోయింది. కిటికీ కింద మిషను, గోడవారన గుడ్డ కత్తిరించే పెద్ద బల్ల, బల్ల కింద పీలికల మూటలు, గోడకు కొలతల పుస్తకం. పాతికేళ్ళకు పైగా అలాగే ఉన్నాయి. ఊళ్ళో వాళ్ళ ఒళ్ళు ఏ ఏడాది ఎంత పెరిగిందో ఆవిడ పుస్తకంలో ఉండేది. ఊళ్ళో వాళ్ళ నీళ్ళు ఏ రోజు ఎలా ఉన్నాయో తమ్ముడి రిజిస్టరులో ఉండేది. ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చుని టీ తాగుతుంటే ఊరు మొత్తం ఆ రెండు కుర్చీల మధ్య ఉన్నట్టే.

చేప సంగతి చెప్పాలి. వీధి చివర అద్దెకున్న కుటుంబం ఒకటి ఊరు మారుతూ, కుట్టడానికిచ్చిన చొక్కాలు తీసుకోవడానికి వచ్చింది. చొక్కాలు తీసుకుని, బదులుగా అన్నట్టు ఒక జాము సీసా మిషను మీద పెట్టి వెళ్ళిపోయింది. సీసాలో వేలెడంత చేప. నీలం ఒళ్ళు, ఎర్రంచు రెక్కలు, కుచ్చిళ్ళు పెట్టినట్టు తోక. బెట్టా అంటారట, ఫైటర్ చేప అని కూడా అంటారట. సీసాలో తిరగడానికి చోటు లేక నిలువునా నిలబడి ఉంది. అక్క ఆ మధ్యాహ్నమే మిషను ఆపి, వెళ్ళి, పదిహేను లీటర్ల గాజుతొట్టి, దాని మీదికి మూత, గాలిబుడగలు వదిలే చిన్న స్పాంజి ఫిల్టరు కొనుక్కొచ్చి, కత్తిరించే బల్ల చివర పెట్టింది. ఒంటి మీద అంత గుడ్డ వేసుకుని, ఒక్క పనీ చెయ్యకుండా అటూ ఇటూ తిరుగుతూ, వచ్చిన ప్రతివాళ్ళనీ కింది నుంచి పైదాకా చూస్తుంది కాబట్టి దానికి మేనేజరు అని పేరు పెట్టింది.

చుక్కలాయన మొదటి వారమే తొట్టి నీళ్ళు గొట్టంలో పట్టి చుక్కలు వేశాడు. రంగు తేలలేదు. ఇంకో రెండు వేశాడు. తేలలేదు. గొట్టం పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళి, నీ చేప నీళ్ళలో క్లోరిన్ సున్నా, ఇవి పనికిరావు అని చెప్పాడు.

"నీ మందు తాగడానికి అదేమన్నా నీ దగ్గర కుళాయి కనెక్షన్ తీసుకుందిట్రా?" అంది అక్క, సూదిలో దారం ఎక్కించుకుంటూ.

ఆయన ఆ మాటను మనసులో పెట్టుకుని తొట్టి వైపు పోవడం మానేశాడు. రెండేళ్ళు పోలేదు. ఈలోగా మేనేజరు నిగనిగలాడింది.

మూడో ఏడు అక్క మంచం పట్టింది. ఎక్కువ రోజులు పట్టలేదు. మిషను మీద ఒక చొక్కా, ఏడు కాజాలకు నాలుగు కుట్టినది, అలాగే ఉండిపోయింది. ఆసుపత్రిలో చివరి సాయంత్రం ఆవిడ తమ్ముడితో మాట్లాడింది రెండు విషయాలు. ఒకటి, ఆ చొక్కా ఎవరిదో. రెండోది చేప గురించి.

"మేనేజర్ని నువ్వు ముట్టుకోకు. ఎదురింటి టీచరమ్మకి ఇచ్చెయ్యి. నీళ్ళు తనకి తెలుసు."

"నాకు తెలియవా? ముప్పై ఏళ్ళ నుంచి ఊరందరికీ నీళ్ళిస్తున్నానక్కా."

"ఊరందరూ చేపలు కారురా," అంది అక్క. కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత మాట్లాడింది నర్సుతో. అదీ దిండు గురించి.

నాలుగు రోజుల తర్వాత, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, చుక్కలాయన ముందుగదిలో స్టూలు వేసుకుని తొట్టి ఎదురుగా కూర్చున్నాడు. మేనేజరు వచ్చి గాజు అవతల నిలబడి, కింది నుంచి పైదాకా చూసింది. అక్క పోయిన తర్వాత ఆయన్ను అలా చూసింది అదొక్కటే. ఆ సాయంత్రమే టీచరమ్మ వచ్చింది. అక్కకు పాతికేళ్ళుగా కొలతలిచ్చిన మనిషి, రోజూ బడి వదిలాక అక్క దగ్గర అరగంట కూర్చుని వెళ్ళే మనిషి. చేపను తీసుకెళ్ళమంటావా తమ్ముడూ అని అడిగింది. చుక్కలాయన కాసేపు నీళ్ళు నమిలి, అక్క ఏమీ చెప్పలేదండీ అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆడిన అబద్ధాల్లో అది రెండోదో మూడోదో. ఇది దాటితే ఇక తిరుగు లేదని ఆయనకు తెలుసు. చేప బతికితే అక్క మాట అక్క బెంగ కొద్దీ అన్నదవుతుంది. చస్తే, చివరి మాట కూడా నిజమే చెప్పి పోయినట్టవుతుంది.

మర్నాడు పొద్దున తొట్టిలో నీళ్ళ మీద నురగ కనిపించింది. ఒక మూల, మూత కింద, అరచేతిలో సగమంత మేర చిన్న చిన్న బుడగలు తేలి ఉన్నాయి. నీళ్ళ మీద నురగ అంటే ల్యాబులో అర్థం ఒక్కటే, ఎక్కడో సబ్బు కలిసింది. ఆయన చెంచాతో నురగంతా తీసేశాడు. రెండోరోజు మళ్ళీ వచ్చింది. తీసేశాడు. పనిమనిషిని పిలిచి సబ్బు చేతులతో తొట్టి తాకావా అని అడిగాడు. తాను రెండేళ్ళలో ఆ బల్ల దగ్గరికే పోలేదనీ, అమ్మగారు పోనిచ్చేవారు కాదనీ ఆవిడ చెప్పింది. మూడోరోజు కూడా నురగ వచ్చింది. ఆయన రిజిస్టరు లాంటి నోటుపుస్తకం ఒకటి కొని, గీతలు గీసి, అందులో మొదటి నమోదు చేశాడు: "నురగ: ఉంది. మూలం: తెలియదు. చర్య: తొలగించడమైనది." మేనేజరు అదంతా మూలన నిలబడి చూసింది.

ఆదివారం టీచరమ్మ మళ్ళీ వచ్చి, నీళ్ళు మార్చావా అని అడిగింది. ఇప్పుడే మార్చబోతున్నానని ఆయన కుళాయి కింద పెట్టిన బకెట్టు చూపించాడు. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత వంగి, కత్తిరించే బల్ల కింద పీలికల మూటలు పక్కకు లాగింది. వెనకాల, గోడకు ఆనించి, నీలం ప్లాస్టిక్ బకెట్టు. మూతికి పల్చటి లైనింగు గుడ్డ కట్టి ఉంది, గాలి ఆడటానికి, దుమ్ము పడకుండా. గుడ్డ విప్పితే అడుగున నీళ్ళు. అక్క పట్టి ఉంచినవే, ఇప్పటికి సగం ఇంకి ఉన్నాయి.

చుక్కలాయన మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. తన ఇంట్లో, తన కళ్ళ ముందు, రోజూ సాయంత్రం తాను చుట్టే చుట్టుకు మూరెడు దూరంలో, రెండేళ్ళుగా నిలవ నీళ్ళున్నాయి.

టీచరమ్మ చెప్పుకొచ్చింది. మొదట్లో అక్క బకెట్టు స్నానాల గదిలోనే పెట్టేదట. కుళాయి నీళ్ళు ఒక రోజంతా గాలికి వదిలేస్తే అందులో మందు వాసన పోతుంది, అప్పుడు చేపకు పోయాలి. కానీ ప్రతి సాయంత్రం తమ్ముడు వచ్చి ఆ ఒక రోజు నీళ్ళు పారబోసి కొత్తవి పట్టేవాడు. వాడికి చెప్తే వాదిస్తాడు, వాదించే ఓపిక నాకు లేదు, దాచడం తేలిక అందిట అక్క. తొట్టి గాజు మీద ఒక వైపు పాత టేపు ముక్క అతికించి ఉంది. ఆదివారం ఆదివారం అక్క పైనుంచి రెండంగుళాల నీళ్ళు తీసి, బకెట్టులోంచి రెండంగుళాలు పోసేదట. మొత్తం ఎన్నడూ మార్చేది కాదట. ఒక్కసారిగా ఇల్లు మారిస్తే మనిషికైనా ఒంటికి పడదు కదా అనేదట. తీసినవాటిలోనే స్పాంజిని పిండేది. రోజుకు నాలుగు గింజలు మేత, శుక్రవారం పస్తు.

చుక్కలాయన ఇవన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో టీచరమ్మ చూడలేదు, ఎందుకంటే ఆయన తల బల్ల కింద ఉంది. బయటికి వచ్చాక మాత్రం, లైనింగు గుడ్డ మంచి ఆలోచనండీ అన్నాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం చుట్టు కత్తిరించే బల్ల దాకా వచ్చి ఆగేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి, అక్క బకెట్టు విషయంలో మాత్రం ఎన్ని కాళ్ళని అడగలేదు. గుడ్డ కట్టిన తీరు, ముడి పడిన వైపు, అంతా అక్కది ఎలా ఉందో అలాగే ఉంచాడు. ఆ నీళ్ళలో చుక్కలు వెయ్యలేదు. జేబులో సీసా ఉన్నా వెయ్యలేదు. అక్క లెక్కను పరీక్షించినట్టవుతుందని. రెండు నెలలు మేనేజరు హాయిగా తిరిగింది. నురగ వస్తూనే ఉంది, ఆయన తీస్తూనే ఉన్నాడు. టీచరమ్మ రోజూ వచ్చి, తీసుకెళ్ళనా అని అడుగుతూనే ఉంది.

ఆ సమయంలోనే వాటర్ వర్క్స్‌లో కొత్త మందు మొదలైంది. చుక్కలాయన ఉద్యోగంలో అంత సంతోషించిన రోజు ఇంకోటి లేదు. ఊరి చివరి వీధులది ఎప్పుడూ ఒకటే గోడు. ట్యాంకు దగ్గర పోసిన క్లోరిన్ గొట్టాల్లో నడిచి నడిచి అక్కడికి చేరేసరికి ఆవిరైపోయేది, చుక్కలు వేస్తే పసుపు తేలీ తేలనట్టు ఉండేది. ఇప్పుడు క్లోరిన్‌కు కాస్త అమోనియా కలుపుతున్నారు. ఆ రెండూ కలిస్తే పుట్టే మందుకు పట్టుదల ఎక్కువ. రోజుల తరబడి నీళ్ళను వదలదు. మొదటిరోజు ఆయన సైకిలు మీద ఊరి చిట్టచివరి కుళాయి దగ్గరికి వెళ్ళి, చుక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగాడు. కొత్త మందుకు రంగు నిదానంగా తేలుతుంది. తేలింది. అట్ట మీద ఎంత ఉండాలో అంతే. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పుకోవడానికి మనిషి లేక, చేపకు చెప్పాడు.

తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే రెండంగుళాలు తీసి రెండంగుళాలు పోశాడు. సోమవారం మేనేజరు మేతకు పైకి రాలేదు. మంగళవారం రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి, తడిసిన గొడుగు ముడిచినట్టు. నీలం వెలిసింది. బుధవారం అడుగున గులకరాళ్ళ మీద పడుకుని, గాలి కోసం ఒక్క ఊపున పైకి వచ్చి, ఒక గుటక వేసి, మళ్ళీ కిందికి జారిపోయింది. నురగ లేదు. ఆయన పుస్తకంలో, "నురగ: లేదు" అని రాసి, ఇదొక్కటి బాగుపడిందనుకున్నాడు.

నీళ్ళు చెడ్డాయేమోనని గురువారం బకెట్టులోంచి ఇంకో రెండంగుళాలు మార్చాడు. అంతా అక్క చేసినట్టే, రోజంతా నిలవ ఉంచి, గుడ్డ కట్టి. శుక్రవారం చేప పక్కకు ఒరిగింది.

ఆ సాయంత్రం టీచరమ్మ తలుపు తోసుకుని వచ్చి తొట్టి చూసి, గాజు దాకా వంగింది. ఏం పోశావు తమ్ముడూ అని అడిగింది. అక్క పోసినవే అన్నాడు. అది నిజమే. అందుకే ఆయనకు ఏమీ పాలుపోలేదు. తప్పు చేసి ఉంటే దిద్దుకోవచ్చు. చెప్పింది చెప్పినట్టు చేసినవాడు ఏం దిద్దుకుంటాడు?

ఆవిడ వెళ్ళాక స్టూలు మీద కూర్చుని, తొట్టి వంకా బల్ల కింద బకెట్టు వంకా మార్చి మార్చి చూశాడు. చూసి చూసి, జేబులోంచి సీసా తీశాడు. గుడ్డ ముడి విప్పాడు. అవి రెండు రోజుల కింద పట్టిన నీళ్ళు. గొట్టంలో పోసి చుక్కలు వేశాడు. ఏమీ తేలలేదు. ఊపిరి పీల్చుకున్నాడు. అలవాటు కొద్దీ గడియారం చూసి ఐదు నిమిషాలు ఆగాడు.

మూడో నిమిషంలో పసుపు మొదలైంది. ఐదో నిమిషానికి, ఊరి చిట్టచివరి కుళాయిలో ఏ పసుపు చూసి ఆయన మురిసిపోయాడో, అదే పసుపు.

ఊరి చివరిదాకా నడిచినా చావని మందు, బల్ల కింద బకెట్టులో రెండు రోజులు కూర్చుంటే చస్తుందా? ఈ ముక్క ఊళ్ళో అందరికంటే ముందు తెలిసిన మనిషి తానే. ల్యాబులో తెలుసు. ఇంట్లో తెలియలేదు. అక్క లెక్క తప్పు కాదు, అది పాత నీళ్ళకు సరిపోయిన లెక్క. ఆవిడ పోయాక నీళ్ళు మారిపోయాయి.

చుక్కలాయన ఆ నీళ్ళను రెండో సీసాలో పట్టుకుని, కొట్లు మూసే వేళకు చేపల కొట్టుకు చేరాడు. కొట్టు నడిపే ఆవిడ షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరి, సీసా బల్ల మీద పెట్టి, ఈ నీళ్ళకు మా చేప పడుకుందని చెప్పాడు. ఆవిడ సీసా వైపు చూడలేదు. వారం రోజులుగా అందరూ ఇదే పాట అంది. పదిమంది చచ్చిన చేపలు పట్టుకొచ్చారు, తాను ఇచ్చిన చేపలే మంచివి కావనుకుని మారు మాట్లాడకుండా వేరేవి ఇచ్చి పంపింది. నిన్నటికి అవీ పోయాయి.

"మీ చేపలు మంచివేనండీ," అన్నాడు ఆయన. "నీళ్ళు మావి."

కొత్త మందు గురించి మొత్తం చెప్పాడు. ఆవిడ సగం మూసిన షట్టరు కింద నిలబడి అంతా విని, మీరు గవర్నమెంటు మనిషై ఉండి మీ తప్పని మీరే చెప్పుకుంటున్నారంటే ఇంట్లో చేప చాలా ముద్దొచ్చేదై ఉండాలి అంది. మా అక్కది అన్నాడు. ఆవిడ ఇంకేమీ అడక్కుండా వెనక అరలోంచి చిన్న సీసా తీసింది. వాటర్ కండిషనర్, నీళ్ళలో మందు విరిచే మందు. బకెట్టుకు ఇన్ని చుక్కలని లెక్క ఉంది. చుక్కలు వేసి, కలిపి, తొట్టి ఎంత వెచ్చగా ఉందో ఇవీ అంతే వెచ్చగా ఉన్నాయో లేదో చేత్తో చూసి, అప్పుడే పోయాలంది. ఒకేసారి అంతా వద్దు, రోజుకు కొంచెం. స్పాంజిని మాత్రం కుళాయి కింద కడగొద్దు, చేప మలినాన్ని తినే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి, కుళాయి నీళ్ళు తగిలితే అవి చస్తాయి. క్రిములను కాపాడమని ఆయనతో చెప్పిన మనిషి, ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడే మొదటిది. ఆయన తల ఊపి రాసుకున్నాడు.

వెళ్ళబోతూ, నోటుపుస్తకంలోని పాత సమస్య గుర్తొచ్చి, పనిలో పనిగా అది కూడా అడిగాడు. నీళ్ళ మీద నురగ వచ్చేది, రోజూ తీసేవాడిని, అది ఎక్కడి సబ్బంటారు?

కొట్టావిడ ఆయన ముఖం చూసింది. "సబ్బు కాదండీ. అది గూడు. మగ చేప ఒంట్లో హాయిగా ఉంటే నోటితో బుడగలు ఊది కట్టుకుంటుంది. మీరు ఎన్నాళ్ళు తీశారు?"

"రెండు నెలలు."

"రోజూనా?"

"ఆదివారం కూడా."

ఆవిడ మందు సీసా ఆయన చేతిలో పెట్టింది. ఓపిక గల చేపండీ అని మాత్రం అంది.

ఇంటికి వచ్చి, బకెట్టులో లెక్క ప్రకారం చుక్కలు వేసి, కలిపి, గొట్టంలో పోసి పరీక్ష చేశాడు. ఐదు నిమిషాలు ఆగాడు. ఐదూ అయ్యాక ఇంకో ఐదు ఆగాడు. రంగు తేలలేదు. రెండేళ్ళ కింద ఇదే గది, ఇదే సున్నా చూసి, ఈ నీళ్ళు పనికిరావని అక్కతో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. మిషను మీద నాలుగు కాజాల చొక్కా ఇంకా అలాగే ఉంది. ఎవరిదో అక్క చెప్పింది గానీ, కాజాలు కుట్టకుండా ఎలా ఇస్తాడు? చెయ్యి మోచేతి దాకా తొట్టిలో పెట్టి వెచ్చదనం చూసి, గ్లాసు గ్లాసుగా రెండంగుళాలు పోశాడు.

మేనేజరు శనివారం ఒరిగే ఉంది. ఆదివారం ఒరగడం మానేసింది. మంగళవారం ఒక గింజ తిని ఒక గింజ ఉమ్మింది. ఆయన రెండూ రాసుకున్నాడు. రెక్కల మడత విచ్చుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. ఈలోగా ఆయన ఆఫీసులో ఇంజనీరు గదికి వెళ్ళి, కొత్త మందు నోటీసు కాగితం బల్ల మీద పెట్టాడు. రక్తం శుద్ధి చేసే యంత్రాలున్న ఆసుపత్రులు జాగ్రత్త పడాలని అందులో ఒక ముక్క ఉంది. దాని కింద ఇంకో ముక్క చేర్చాలన్నాడు. చేపలు పెంచుకునేవారు నీళ్ళు నిలవ ఉంచితే చాలదు, మందు విరిచే చుక్కలు వేసుకోవాలి అని.

ఇంజనీరు కళ్ళజోడు తీశాడు. చేపల కోసం నోటీసా, రేపు పిల్లులు వస్తాయి, ఎల్లుండి మొక్కలు వస్తాయి, మనం ఇక్కడ మనుషులకు నీళ్ళివ్వడానికి ఉన్నాం అన్నాడు.

"ఊరందరూ చేపలు కారు సార్," అన్నాడు చుక్కలాయన. "ఉన్న కాసిని చేపలకీ మన కుళాయే దిక్కు."

ఇంజనీరుకు ఆ మాట ఎక్కడిదో తెలియదు కాబట్టి దాని గురించి ఆలోచించాల్సి వచ్చింది. ఆలోచించి, చిన్న అక్షరాల్లో వేయించమన్నాడు. చిన్న అక్షరాల్లోనే వేశారు. చేపల కొట్టావిడ ఆ కాగితం తెచ్చుకుని, ఆ ఒక్క ముక్కా పెద్ద అక్షరాల్లో అట్ట మీద రాసి షట్టరుకు తగిలించింది.

పన్నెండో రోజు సాయంత్రం టీచరమ్మ వచ్చేసరికి మేనేజరు గాజు దగ్గరికి వచ్చి ఆవిడను కింది నుంచి పైదాకా చూసింది. ఆవిడ కూర్చుంది. చుక్కలాయన టీ గ్లాసు చేతికిచ్చి, నిలబడే ఉన్నాడు.

"చేపను మీకిచ్చెయ్యమని అక్క చెప్పిందండీ. ఆసుపత్రిలో. నేనే చెప్పలేదు. ఇప్పుడు నయమైంది, తీసుకెళ్ళండి."

"నాకు తెలుసు," అంది టీచరమ్మ. "ముందురోజు నాతోనూ చెప్పింది. వాడు ఇస్తే తీసుకో, ఇవ్వకపోతే అడక్కు అంది."

"మరి రోజూ అడిగారు?"

"అడక్కు అంటే మానేసే రకాన్నైతే మీ అక్కతో పాతికేళ్ళు వేగగలిగేదాన్నా?" టీ ఒక గుక్క తాగి, తొట్టి వైపు చూసింది. టేపు ముక్క పక్కనే గాజుకు కాగితం అతికించి ఉంది. తేదీ, వెచ్చదనం, క్లోరిన్, మేత, గీతలు గీసి రాసి ఉన్నాయి. "ఇది రోజూ ఇలా రాయాలంటే నావల్ల కాదు తమ్ముడూ. పరీక్ష పేపర్లు దిద్దుకోవాలి. నీ దగ్గరే ఉండనీ."

ఆవిడ వెళ్తూ మిషను మీది చొక్కా తీసుకుని, మూడు కాజాలే కదా, నేను కుట్టుకుంటాను అంది. అది ఆవిడ సొంత తమ్ముడిదని ఆసుపత్రిలో అక్క చెప్పనే చెప్పింది. ఆయన సరేనన్నాడు. మిషను మీద అంత ఖాళీ ఆయన ముందెన్నడూ చూడలేదు.

ఆవిడ వెళ్ళాక సాయంత్రం చుట్టు మొదలుపెట్టాడు. బిందె, గ్లాసులు, స్నానాల గది, చెంబు, అన్నీ పారబోసి కొత్తవి పట్టాడు. బల్ల దగ్గరికి వచ్చి ఆగాడు. ఇప్పుడు బకెట్టును ఒక రోజంతా ఉంచాల్సిన పని లేదు. చుక్కలు వేస్తే గంటలో సరిపోతుంది. అయినా గదిలో ఉంటే నీళ్ళు గది వెచ్చదనానికి వస్తాయి, అది చేపకు మంచిదే అనుకుని, గుడ్డ ముడి అక్క వేసిన వైపే ఉందో లేదో చూసి, మూటల వెనక్కి తోసేశాడు.

తర్వాత తొట్టి మూత ఎత్తాడు. మూలన, ఫిల్టరు బుడగలు చేరని చోట, గోరంత మేర కొత్త నురగ తేలి ఉంది. మేనేజరు దాని కింద రెక్కలు పరిచి నిలబడి ఆయన చేతి వైపు చూస్తోంది. చెంచా ఎప్పటిలాగే పక్కన ఉంది. ఆయన దాన్ని తీసుకెళ్ళి వంటగదిలో పెట్టి వచ్చి, మూత మెల్లగా దించి, పుస్తకం తెరిచాడు.

"నురగ: ఉంది. మూలం: మేనేజరు. చర్య: అవసరం లేదు."